నిలువుగా వదిలిన గట్టు

ఇటుకలక్క బతుకంతా ఏటి గట్టు మట్టితోనే గడిచింది. తవ్వడం, తొక్కడం, అచ్చులో పోసి ఎండబెట్టడం. ఇల్లు కూడా గట్టు పక్కనే. ఈ సంగతి నాకు చెబుతున్నప్పుడూ ఆమె చేతులు ఖాళీగా లేవు.

గట్టు తవ్వేవాళ్లు సాయంత్రం పని ముగించే ముందు దాన్ని ఏటవాలుగా చెక్కుతారు. నిట్టనిలువుగా వదిలితే ఎక్కడెక్కడి నుంచో వలసవచ్చే బుల్లి గట్టుపిట్టలు అందులో బొరియలు తవ్వుకుని గుడ్లు పెడతాయి. అక్క ఏ ఏడూ ఆ పని మరవలేదు. ఈ ఏడు, సరిగ్గా ఆ వేళకే, ఇంటి వెనకగోడ కూలి భర్త మీద పడిందని మరిది కేకేశాడు. పార అక్కడే పడేసి పరిగెత్తింది.

నడుము పడిపోయిన మనిషిని ఆసుపత్రి నుంచి తెచ్చేసరికి గట్టు నిండా బొరియలు, బొరియల నిండా పిల్లలు. గోడ లేనిచోట టార్పాలిన్ కట్టింది. వానలొచ్చేలోగా గోడ లేపకపోతే ఆయన నీళ్లలోనే పడుకోవాలి. ఇటుకకు పనికొచ్చే మట్టి ఉన్నది ఆ గట్టులోనే. పక్కన తవ్విందంతా ఇసుక. దాంతో పోసిన ఇటుకలు ఆరకముందే పగిలాయి.

"పిల్లలు ఎగిరేదాకా ఆగరాదుటే," అన్నాడు ఆయన. రోజంతా వాటి కిచకిచే ఆయనకు కాలక్షేపం. "కావాలంటే అద్దె వసూలు చేసుకో."

"వాటికి ఇల్లుంది. నీకే లేదు."

మరిది పార అందుకున్నాడు. "మబ్బు కమ్ముతోంది వదినా. నేను తవ్వనా?"

"నువ్వొద్దులే. ఆ పాపమేదో నాకే చుట్టుకోనీ."

తీరా దిగాక బొరియల మీదికి చెయ్యి రాలేదు. వాటికి బాగా కింద, వంగి కొంచెం కొంచెంగా తవ్వింది. తట్ట మరిది నెత్తికెత్తి ఇవతలికి వచ్చిందో లేదో, పైనున్న గట్టంతా జారి కూలింది.

ఇద్దరూ చేతులతో తోడారు. దొరికిన పిల్లల్లో ఒక్కటీ కదల్లేదు. పెద్ద పిట్టలు బొరియలుండిన చోటికి వచ్చి, గాల్లో తచ్చాడి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చాయి.

ఉరుము వినబడింది. అక్క అదే మట్టి మీద నీళ్లు పోసి తొక్కడం మొదలుపెట్టింది. ఆ ఇటుకలు ఆరేంత ఎండ ఇక కాస్తుందో లేదో ఆమెకే తెలియదు.

"ఏమే, ఏం కూలింది?" ఇంట్లోంచి ఆయన గొంతు.

"గట్టు."

"మరి పిట్టలో?"

"మట్టి దొరికింది," అంది అక్క, తొక్కుతూనే.