వీడియో తీయించని పెళ్లిలో అత్త పాట

మిర్యాలగూడలో తెల్ల చొక్కా ఆరేయడం ఒక సాహసం. మా డాబా వెనకే రైస్ మిల్లు. పొద్దున తెల్లగా ఆరేసిన చొక్కా సాయంత్రానికి గోధుమరంగులో చేతికొస్తుంది. ఆ ఊక నలుసు కంట్లో పడేదాకా కనిపించదు. కంటికి కనిపించని వాటిలో నేను నమ్మేది దాన్నొక్కదాన్నే. దయ్యాలూ ఆత్మలూ నా సిలబస్‌లో లేవు. ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఉన్న సిలబస్సే పూర్తికాదు.

ఎవరినీ నమ్మించడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టుకుందామని.

పోయిన ఎండాకాలం మా చెల్లెలు స్వప్న పెళ్లి. పెళ్లి సూర్యాపేటలో, అబ్బాయిది కోదాడ. హాలుకీ భోజనాలకీ అనుకున్నదానికంటే ఎక్కువైపోయేసరికి, ఫొటోగ్రాఫరో వీడియోగ్రాఫరో ఒక్కరినే పెట్టమన్నారు నాన్న. ఎవరన్నది నాకే వదిలేశారు. మా ఇంట్లో నా చేతికొచ్చిన తొలి అధికారం అది.

స్వప్నకు ఏదైనా ఫర్వాలేదు. వీడియో కావాలన్నది ఒక్క సత్తెమ్మత్తే. నాన్నకు అక్క, గరిడేపల్లిలో ఉంటుంది. మా చుట్టాల్లో ఏ పిల్లను అత్తారింటికి పంపినా, పిల్ల చేతులు పాలల్లో తడిపి అత్తమామల చేతుల్లో పెట్టేటప్పుడు అప్పగింతల పాట ఆమే పాడాలి. ఆమె పాడకపోతే పిల్లను అప్పగించినట్టే కాదని మా వాళ్ల లెక్క. మామకు గొర్ల మంద ఉంది. అవి ఈనే రోజులు కాబట్టి, పెళ్లికి వచ్చినా తలంబ్రాలు కాగానే వెనక్కి పోవాలి. పాట వినలేడు.

"మీ మామ వీడియోల సూస్తడు, అల్లుడా. ఫొటోల నేను క్యాలెండర్ల బొమ్మ లెక్క ఉంట. వీడియో అయితె పాట ఉంటది. జర పెట్టియ్యరాదు" అన్నది.

పెళ్లి వీడియోను ఎవరూ రెండోసారి చూడరని నా సిద్ధాంతం. అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్టు షోకేసులో బొమ్మల వెనక దుమ్ము పట్టి ఉంది, సాక్ష్యానికి. ఆ మాట చెప్పి ఊరుకోవచ్చు. నలుగురూ వింటున్నారు కదా అని ఒక జోకు కూడా వేశాను.

"ఫొటోల నోరు తెరిస్తె పాట రాదత్తా. ఊడిన పన్ను కనిపిస్తది. మూస్కొనే ఉండు."

అందరూ నవ్వారు. అత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకప్పుడు అది నవ్వులాగే కనిపించింది.

సూర్యాపేటలో స్టూడియో నడిపే శ్రీకాంత్‌ను పెట్టాను, ఫొటోలకు.

అప్పగింతల వేళ నేను శ్రీకాంత్ పక్కనే నిలబడి, ఎటునుంచి తీయాలో సలహాలిస్తున్నాను. అతను అడగలేదు. అత్త పాడింది. ఇందులో అనుమానం లేదు. వడ్డించేవాళ్లు బకెట్లు కింద పెట్టి నిలబడిపోయారు. ఎప్పుడూ ఏడవని నాన్న ఏడ్చారు. నేనూ ఏడ్చాను. నెపం ఉల్లిపాయల మీదికి నెడదామంటే వంటలు చాలా దూరంగా చేస్తున్నారు. కోదాడ వియ్యపురాలు వచ్చి, "ఎంత బాగా పాడారండీ అక్కయ్యగారూ! మా వైపు ఈ పాటలు పోయాయండీ" అని అత్త చేతులు పట్టుకుంది.

వరినాట్లప్పుడు అత్త పొలంలో పడిపోయింది. సూర్యాపేట దవాఖానకు తెచ్చేసరికే ప్రాణం లేదు.

దినాలయ్యాక మామ మా ఇంటికొచ్చాడు. ఇచ్చిన చాయ్ ముట్టలేదు.

"దాని పాట నేను ఇనలే. వీడియోల సూద్దువు తియ్ అన్నది. జర సూపియ్యి, అల్లుడా."

వీడియో లేదన్న సంగతి అత్త ఆయనకు చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను. "వెతుకుత మామా" అన్నాను.

ముందు ఆల్బం తీశాను. అప్పగింతల ఫొటోలన్నిట్లోనూ అత్త నోరు మూసుకునే ఉంది. అలాంటివే ఏరారేమో అనుకొని శ్రీకాంత్ దగ్గరికి పోయాను. మిగతావన్నీ కంప్యూటర్లో తెరిచాడు. ఆపకుండా క్లిక్కులు కొట్టినవి. ఒక ఫొటో నుంచి ఇంకో ఫొటోకు పాలపళ్లెం కదులుతుంది, స్వప్న చేతులు కదులుతాయి, నాన్న ముఖం మెల్లగా ఏడుపులోకి మారుతుంది. అత్త పెదవులు మాత్రం కదలవు.

"పాడేటోళ్లను తీస్తె సగం ఫొటోలు నోరు తెరిచే వస్తయ్ సార్. పాడింది గద? నేన్గూడ ఇన్న గద?" అన్నాడు శ్రీకాంత్. నన్నడిగినట్టు లేదు.

పెళ్లికొడుకు పిన్ని ఫోన్‌లో కొంత తీసిందని తెలిసి కోదాడ పోయాను. ఆ క్లిప్పులో అన్నీ వినిపించాయి. గాజుల చప్పుడు, ఎవరో ముక్కు చీదడం, వెనక చంటిపిల్ల ఏడుపు. ఒక మూలన శ్రీకాంత్ కెమెరా, దాని పక్కన నా వీపు. పాట లేదు. అత్త పెదవులు బిగించి నిలబడి ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం పాటకు ఏడ్చినట్టే ఏడుస్తున్నారు.

ఈ కాలపు ఫోన్లు అక్కర్లేని శబ్దాలు తగ్గిస్తాయని మా కాలేజీలో కంప్యూటర్ సార్ చెప్పాడు. తగ్గిస్తాయేమో, కాదనను. కానీ ముక్కు చీదడాన్ని ఉంచి పాటను తీసేసి, పైగా పాడే మనిషి నోరు కూడా మూసే ఫోన్ ఇంకా మార్కెట్లోకి రాలేదు. ఇప్పటికీ నాకు వేరే కారణం దొరకలేదు. తోచిన ఒక్కటీ నా నోటి నుంచి వచ్చిందే కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

అబద్ధం చెప్పే ధైర్యం లేక ఆ క్లిప్పే పట్టుకొని గరిడేపల్లి పోయాను. మామ దొడ్డి దగ్గర గొర్లకు నీళ్లు పెడుతున్నాడు. వీడియో పెట్టించలేదని, వద్దన్నది నేనేనని చెప్పాను. జోకు సంగతి చెప్పలేదు. ఆయన తడి చేతులు పంచెకు తుడుచుకొని ఫోన్ అందుకున్నాడు. అయిపోతే మళ్లీ పెట్టమన్నాడు. సౌండ్ పెంచబోతే వద్దన్నాడు. చూసి చూసి ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"అది పాడుత లేదు, అల్లుడా. నిన్ను సూస్తున్నది."