జైరోకు కొసరు

మా అంగట్లో కిలో తూచాక పిడికెడు కొసరు వేయకపోతే బేరం ముగిసినట్టు కాదు. తిరుపతిలో ఆ త్రాసు పక్కనే పెరిగినవాణ్ణి గనుక, ఏదైనా లెక్కకు సరిగ్గా ఉంటే నాకు మోసపోయినట్టే ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, చెన్నైలో గంటసేపు గీచి గీచి బేరమాడి ఒక జైరో కొన్నాను. కొసరుగా రెండువైపులా అంటుకునే టేపు కూడా రాబట్టాను. చిత్తూరులో లేతు షాపు నడిపే నా స్నేహితుడు నాలుగేళ్లుగా ఒక రిమోట్ జెట్ విమానం చేస్తున్నాడు. దానికోసమే ఇది. గాలికి రెక్క ఒరిగితే పసిగట్టి తనంతట తానే సరిచేసే అగ్గిపెట్టెంత పెట్టె.

దాన్ని ముందు అద్దం కింద, అందరికీ కనిపించేలా పెడదామన్నాను.

"అంగడి ముందర సరుకు పేర్చినట్టా? ఇది అదురు లేని చోట కూసోవాలబ్బా" అంటూ అతను విమానం నడిమధ్య, గట్టి చెక్క మీద అంటించాడు. తరువాత కుడిరెక్క కిందికి వచ్చేలా విమానాన్ని ఒరిగించి చూశాడు. రెక్క వెనక ఉన్న పలక కూడా కిందికి దిగింది. "సూడు, రెక్కను మళ్లీ పైకెత్తేదానికి దిగతా ఉండాది. ఈ పలక తిరగబడి పైకి లేస్తే జైరో కాపాడదు, ఇంకా తోసేస్తాది."

ఇంకా ఇళ్లు కట్టని ఒక లేఅవుట్‌లోని తారురోడ్డు మా రన్‌వే. జైరో బలం ఎంతుండాలో రిమోట్ మీద ఒక మర తేల్చేది. దాన్ని సగానికి పెట్టమని చెప్పి అతను రోడ్డు మీది గులకరాళ్లు ఏరడానికి వెళ్లాడు. అంత బేరమాడి కొన్నదాన్ని సగం వాడుకోవడమా? చివరిదాకా తిప్పేశాను.

"సగానికే పెట్టినావు గదా?"

"పెట్టినాలేప్పా."

జెట్ చక్కగా లేచింది. వేగం పుంజుకోగానే రెక్కలు గడగడ వణకసాగాయి. జైరో ఒక పక్కకు ఎక్కువ దిద్దుతోంది, ఆ తప్పు దిద్దడానికి రెండోపక్కకు ఇంకా ఎక్కువ లాగుతోంది. స్నేహితుడి ముఖం పాలిపోయింది.

"నా రెక్కే వదులైందబ్బా. అతుకులు నేనే సరిగ్గా ఏయలేదు. నాలుగేండ్లు…"

తప్పు తన చేతిదనుకుంటున్నాడు. ఆ మాట విన్నాక నోరు మూసుకుని నిలబడలేకపోయాను.

"నీ రెక్క కాదప్పా. నేనే మర చివరిదాకా తిప్పినా."

"తిప్పినావా! తగ్గించు, నా చేతులు తీసేదానికి ల్యా!"

విమానాన్ని నడిపే రిమోట్ పుల్లల మీదే అతని బొటనవేళ్లు రెండూ ఉన్నాయి. నేను పక్కనుంచి మర వెనక్కి తిప్పాను. వణుకు కాస్త తగ్గింది. ఇంకొంచెం తిప్పాను. సగం దాటగానే రెక్కలు నిశ్చలమయ్యాయి.

విమానం దిగాక అతను పరిగెత్తుకెళ్లి దాన్ని ఎత్తుకొచ్చాడు. రోడ్డు మీద కూర్చుని, విమానాన్ని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, రెక్క మొదట్లోని అతుకులన్నీ వేలితో నొక్కి చూశాడు. చివరి అతుకు దాకా వచ్చి ఊపిరి వదిలాడు.

"గట్టిగానే ఏసినా."

"గట్టిగానే ఏసినావప్పా" అన్నాను.

అప్పుడు తలెత్తి తిట్టడం మొదలుపెట్టాడు.