జెట్ మోతకి కడియం మొక్కల అడ్డు

రండి, ఇలా దగ్గరికి జరిగి కూచోండి. కాస్త గట్టిగా మాట్లాడండమ్మా, నాకు చెవులు మందం. ఎందుకు మందమో అదే చెప్పబోతున్నాను.

మిలటరీలో ఉండగా నన్ను రాజస్థాన్ ఎడారిలో జెట్ విమానాల మైదానానికి వేశారు. మే నెల. రైలు దిగి నాలుగడుగులు వేసేసరికి బూట్ల నిండా ఇసుక. మాది గేటు కాపలా. చేతిలో తుపాకీ, చెవుల్లో దూది. విమానాలతో మాకు పని లేదు గానీ, మోతలో మాత్రం మాకూ వాటా. రోజూ పొద్దున ఆరింటికి ఇంజను పరీక్ష, నలభై నిమిషాలు. పళ్ళెంలో పప్పు కూడా వణికేది.

కంచె అవతల ఒక మేకలావిడ ఉండేది. ఇంజను మొదలైతే చాలు, మేకలన్నీ చెల్లాచెదురు. పాలు ఎగ్గొట్టేవి. ఒకరోజు మందంతటినీ తోలుకొచ్చి మా గేటుకి అడ్డంగా కూచుంది, మోత తగ్గిస్తేగానీ లేవనంది. ఆవిడ భాష నాకు సగమే తెలుసు. ఖాళీ బకెట్టు ఎత్తి చూపిస్తే మిగతా సగం అర్థమైంది.

మెకానిక్కులు విమానం తోక అటువైపు తిప్పారు. మోత ఆఫీసర్ల ఇళ్ళ మీదకి పోయింది. మర్నాడే మళ్ళీ ఇటు తిప్పేశారు.

మా సుబేదారు గారు తేల్చేశారు. "గేటు ఖాళీ అయ్యేదాకా గేటు వాళ్ళకి సెలవుల్లేవు."

 ఇక్కడ కడియంలో మా ఆవిడకి తొమ్మిదో నెల.

మా కడియం నర్సరీల వాళ్ళ సంగతి మీకు తెలిసిందే. ఎండకి చెట్టు, దుమ్ముకి చెట్టు, పక్కింటావిడ చూపుకి కూడా చెట్టే. "మూడు వరసలు మొక్కలు పెడదామండి, శబ్దాన్ని తాగేస్తాయి" అనేశాను. వైర్‌లెస్ ఆపరేటరుది జంగారెడ్డిగూడెం. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏరా కడియం, జెట్ ఇంజనుకి మందార మొక్క అడ్డం పెడతావా?"

వేరే దారి లేక సుబేదారు గారు సరే అన్నారు. మా నాన్న మా నర్సరీ నుంచి లారీ నిండా మొక్కలు పంపించారు. అవిసె, కానుగ, చివరి వరసకి మందారాలు. "మీ సారు వాళ్ళావిడ పూజకి పనికొస్తాయిరా" అన్నారు ఫోన్లో. రోజంతా గుంటలు తవ్వి కంచె బయట నాటాం, ట్యాంకరుతో నీళ్ళు పెట్టాం.

మర్నాడు ఆరింటికి ఇంజను మొదలైంది. గేటు దగ్గర మేకలు లేచి పరుగు తీశాయి, తిన్నగా మొక్కల మీదకే. ఆపరేటరు వైర్‌లెస్ అందుకున్నాడు.

"సార్, ముందు వరస పోయింది."

"ఎవరు? ఎంతమంది?"

"మేకలండి. రెండో వరసలోకి దిగాయి."

కాసేపు గరగర. తర్వాత సుబేదారు గారి గొంతు: "కాల్చొద్దు."

ఇంజను అరుస్తూనే ఉంది. ఒక్క మేకా తలెత్తలేదు. ఆవిడ అక్కడే గొంతుక్కూచుని పాలు పితికింది. బకెట్టు నిండింది.

"శబ్దం ఏమైనా తగ్గిందా అమ్మా?" అని చెవి దగ్గర అరిచాను.

"ఏ శబ్దం?" అంది. "రెండో లారీ ఎప్పుడొస్తుంది?"

గేటు తెరుచుకుంది. నా సెలవు చీటీ మీద సంతకం పడింది. "వచ్చేటప్పుడు అవిసె మొక్కలు తీసుకురా" అన్నారు సుబేదారు గారు. ఇంతలో నాన్న ఫోన్.

"మొక్కలు ఎలా ఉన్నాయిరా?"

"ఒక్క ఆకు కూడా వాడలేదు నాన్నా."

అబద్ధం కాదుగా!

నేను ఇంటికొచ్చిన మూడో రోజు మా అమ్మాయి పుట్టింది. ఆ ఏడుపుకి వార్డంతా చెవులు మూసుకుంది. నేనొక్కణ్ణే నవ్వుతూ నిలబడ్డాను.

ఇప్పుడు సర్వీసు అయిపోయి ఇంటి పట్టునే ఉంటున్నాను. చాలా మర్చిపోయాను. ఒక్కటి మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. వెనక జెట్ నిప్పులు కక్కుతోంది, నేల అదురుతోంది. కంచె పక్కన ఒక నల్లమేక, నోట్లో ఎర్ర మందారం. చెవైనా ఆడించకుండా నములుతోంది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గిన్నెలో పాలు పొంగాలి, మీ పసివాళ్ళు హాయిగా నిద్రపోవాలి. మీ పెరటి మందారాల జోలికి మాత్రం ఏ మేకా రాకూడదు.