అక్కను చంపిన ముగింపు

మా అక్కను ఒక రచయిత కథలో చంపేశాడు. అప్పటికి ఆమె బతికే ఉంది. సగం చూపుతో, సగం చేతి అలవాటుతో రోజూ తన వాకిట్లో తానే ముగ్గు వేసుకుంటోంది. ఆ కథ అచ్చయింది. దూరపు ఊళ్ళలో ఎవరెవరో చదివి ఏడ్చారు, పత్రికకు ఉత్తరాలు రాశారు. ఇక్కడ పుదుచ్చేరిలో మా అక్క మాత్రం కంటి ఆపరేషన్ వద్దని మొండికేసి కూర్చుంది.

మా వాళ్ళు ఈ ఊరికి ఏ కాలంలో వచ్చారో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు మాట్లాడతాం గానీ చదవలేం. ముప్పై దాటేదాకా నేనూ అంతే. మిల్లులో పనిచేసే రోజుల్లో యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తా మా పక్క వాటాలో దిగాడు. ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. ఆయన తిరిగి వెళ్ళిపోయాక, పాత పేపర్ల అంగట్లో దొరికే తెలుగు పత్రికలే నాకు బడి.

చదవడం వచ్చాక నాకు ఒక ఉద్యోగం అంటుకుంది. ఆదివారం మధ్యాహ్నం నేను లాస్‌పేటలో మా ఇంటి నుంచి సైకిల్ మీద అక్క ఇంటికి వెళ్ళాలి, తిన్నె మీద కూర్చుని కథ గట్టిగా చదవాలి. అక్కా, వీధిలోని నాలుగైదు ఇళ్ళ ఆడవాళ్ళూ వెల్లుల్లి ఒలుస్తూనో, చింతపండు గింజలు తీస్తూనో వింటారు. ఏళ్ళ తరబడి గొంతెత్తి చదివినవాడికి, రచయిత వినేవాళ్ళ మీద ఎక్కడ చెయ్యి వేస్తున్నాడో తెలిసిపోతుంది. ఏడిపించబోయే ముందు ఒకసారి నవ్విస్తారు. చావు దగ్గర పడేకొద్దీ వాక్యాలు పొట్టివవుతాయి. ఎక్కడా లేని వాన మొదలవుతుంది. మా ఆడవాళ్ళూ తక్కువ వాళ్ళు కాదు. కథలో ఎవరైనా ఒకసారి దగ్గితే చాలు, పక్కింటి కోడలు "ఈయమ్మ ఇంగ లేచేది లేదు" అనేసేది.

అలాంటి చోటికి ఆ రచయిత వచ్చాడు. తమిళ ఊళ్ళలో ఉండిపోయిన తెలుగువాళ్ళ మీద రాస్తున్నానన్నాడు. తెలుగు చదవగలిగిన ముసలాయన ఒకడున్నాడని ఎవరో నా దగ్గరికి పంపారు. నేనే తేంగాయితిట్టు రేవుకు తీసుకెళ్ళి చేపల వేలం చూపించాను. అక్కడే వంజరం చేప కొని అక్క ఇంటికి భోజనానికి తీసుకొచ్చాను. మంచి మనిషిలాగే ఉన్నాడు. ఏమీ రాసుకోలేదు, వింటూ కూర్చున్నాడు. అక్క పులుసు పోస్తూ తన కళ్ళ సంగతి చెప్పింది. పొర కమ్మిందని, వానలు పోయాక ఆపరేషన్ చేస్తామని పెద్దాసుపత్రిలో చెప్పారని, భయంగా ఉన్నా సరేనన్నానని చెప్పింది. "ఎవురి మొగం చూసినా పొగలో చూసినట్టుండాది నాయనా. కట్టు ఇప్పినాక ముందు నా మనవరాలి మొగం చూడాల" అంది. ఆయన ఆ మాట మళ్ళీ చెప్పమన్నాడు. ముద్దుగా అడిగాడు కదా అని అక్క మళ్ళీ చెప్పింది.

వానాకాలం మధ్యలో ఆ కథ ఉన్న పత్రిక నా చేతికి వచ్చింది. నేను ముందుగా చదివి చూసుకోలేదు, నేరుగా తిన్నె మీదే విప్పాను. మా సముద్రపు గాలి, వేలంపాట అరుపులు, వంజరం పులుసు, అన్నీ ఉన్నాయి. "ఏంది నాయనా, యాడ కూసున్నావు, ఇట్ట రా" అని అక్క అన్నది అన్నట్టే ఉంది. ఆడవాళ్ళు ఒకటే నవ్వులు. అక్క ఎవరో ఫోటో తీస్తున్నట్టు కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఆ తర్వాత ఆసుపత్రి వచ్చింది. వాక్యాలు పొట్టివయ్యాయి. చనిపోయిందన్న మాట ఎక్కడా లేదు. చివర ఒక్క వాక్యం: వాకిట్లో ఆమె చెప్పులు అట్లాగే ఉన్నాయి, ఎవరూ తీయలేదు. అలవాటు కొద్దీ నా గొంతు దానంతట అదే తగ్గింది. ఏం చదివానో నాకు ఎక్కింది ఆ తర్వాతే.

"ముగిసిందా?" అంది అక్క.

"ముగిసిందక్కా."

"కట్టు ఇప్పలేదే?"

విప్పలేదన్నాను. ఆమె లేచి గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆసుపత్రికి రానని కబురు పెట్టింది. నేను పరుగున వెళ్ళాను. అదంతా సుమ్మా రాసినాడక్కా అన్నాను. ఊరికే అనడానికి మేము సుమ్మా అంటాం. ఆమె ఒప్పుకోలేదు. "నా పులుసు నిజమే కదా. నేనన్న మాట నిజమే కదా. అవన్నీ నిజమైనప్పుడు ఇదొకటి అబద్ధం ఎట్టయితాది?" అంది. ఆ రచయిత చేసిన పని సరిగ్గా అదే. నిజాలు వరసగా పేర్చాడు, మన చెయ్యి పట్టుకుని వాటి మీద నడిపించాడు, చివర అబద్ధం మీద కాలు పెట్టించాడు. అచ్చులో ఉన్నది చదవలేని మనిషి, తన మాటే అచ్చులోంచి వినిపిస్తే ఇంకేం అనుకుంటుంది?

నేను చెప్పుల దగ్గర పట్టుకున్నాను. "పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నువ్వు చెప్పులు తొడిగింది లేదు. నీకు చెప్పులు యాడుండాయి?"

"ఆసుపత్రికని కొనుక్కొనుంటాలే" అంది.

పక్కింటి కోడలు ఊరుకోక, "ఆదివారం బజారుకు పోతే చెప్పులు మాత్రం కొనబాక పెద్దమ్మా, మనకెందుకు గొడవ" అంది. అక్క కూడా నవ్వింది. నవ్వింది గానీ మాట మార్చుకోలేదు.

ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఆ కథను వాక్యం వాక్యం విప్పి చూపించాను. ఇదుగో ఇక్కడ నవ్వించాడు, ఎందుకంటే ముందుముందు ఏడవాలి. ఇక్కడ ఆకాశం నల్లబడింది, నీ కంటికీ ఆ మబ్బుకీ ఏమీ సంబంధం లేదు. ఇక్కడ చావు అని రాయకుండా చెప్పులు రాశాడు, మిగతాది నువ్వే పూరించుకోవాలని. అక్క శ్రద్ధగా విన్నది. అంతా అయ్యాక, "బాగా చెప్పినావు. ఇంగొకతూరి చదువు" అంది. చదివాను. మళ్ళీ ఏడ్చింది. నాకు అన్నిటికంటే ఒళ్ళు మండింది అక్కడే. గుట్టు తెలిసినా దెబ్బ తగులుతూనే ఉంది.

పత్రికకు కార్డు రాశాను. జవాబు లేదు. ఇంకొకటి రాశాను. నాది వేయలేదు, కథ అద్భుతమన్న వాళ్ళవి వేశారు. ఈలోగా అక్క అన్నం గిన్నె దించబోయి చెయ్యి కాల్చుకుంది. పొర బాగా ముదిరితే తర్వాత కష్టమని ఆసుపత్రిలో నన్ను కోప్పడ్డారు. నేనేం చేసేది? ఆఖరికి అక్కే ఒక దారి చూపింది. "ఆయన్నొక మాట అడుగు. నేను పోయేది ఆయనకు ముందే తెలుసునా, రాస్తా రాస్తా తెలిసిందా? ముందే తెలిసుంటే నేను ఆసుపత్రికి రాను" అంది.

పత్రిక ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు చేసి నంబరు సంపాదించాను. ఎస్టీడీ బూత్ నుంచి పట్టుకున్నాను. రచయితకు వంజరం పులుసు బాగానే గుర్తుంది. సంగతి చెప్పాను. "అయ్యా, కథలో పాత్ర వేరు, మనిషి వేరు" అన్నాడు. "మీకు అన్నం పెట్టింది మనిషే" అన్నాను. అక్క ప్రశ్న ఉన్నదున్నట్టు అడిగాను. ఆలోచించి చెబుతానన్నాడు. తెలుసా తెలియదా అన్నదానికి ఆలోచన దేనికని అప్పుడూ కోపం వచ్చింది, ఇప్పుడూ వస్తుంది. మా అబ్బాయి సెల్ నంబరు ఇచ్చి పెట్టేశాను.

వారం తిరక్కుండా ఆయనే ఫోన్ చేశాడు. ఆ జవాబును ఒక్క ముక్క మార్చకుండా అక్కకు వినిపించాను. అంతా విని, ఆసుపత్రికి ఏ రోజు రమ్మంటారో కనుక్కోమంది. ఆపరేషన్ అయింది, కట్టు విప్పారు, చూపు వచ్చింది. ఈ సంగతి ఏ పత్రికా వేయలేదు, నా కోపమూ పూర్తిగా పోలేదు. ఆయన చెప్పింది ఇది:

"అబద్ధం చెప్పను. నాకు ముందు తెలియదు. మొదట రాసినప్పుడు మీ అక్కగారు కట్టు విప్పించుకుని ఇంటికి వచ్చేశారు. మనవరాలి గడ్డం పట్టుకుని, ముక్కు మీ తాతదే వచ్చిందే అన్నారు. చదువుకుంటే నాకే చప్పగా తోచింది, ఎవరూ ఏడవరనిపించింది. ఆ కాగితాలు చించేసి వేరేగా రాశాను. ఆవిడతో చెప్పండి, నా చేత్తో నేను ముందు రాసింది ఆవిడ ఇంటికి రావడమే."