చప్పుడు కాని ఓటు

మా జంపఖానాల నేతగాళ్ల సంఘానికి ఈసారి వాట్సాప్ గ్రూపులో ఎలక్షన్ పెట్టిండ్రు. అధ్యక్షుని కుర్చీకి ఇద్దరు పోటీ. ఒకాయన మాలెక్కనే మగ్గం నేసేటోడు. రెండో ఆయన సగం వాడకు నూలిచ్చి కూలికి నేయించుకునే సేటు. పేరు మీద వేలు పెడితే ఓటు పడ్డట్టే. ఎవరు ఎవరికి వేసిండ్రో ఫొటోతో సహా అందరికీ కనిపిస్తది. ఇది పారదర్శకత అట! నేను బడికి పోయినోణ్ణి కాదు, ఆ మాట పేపర్లు చదివే నేర్చుకున్న. దానికి ఇదీ అర్థమని ఏ పేపర్లా చూడలేదు.

నా పడుచుతనంలో ఇదే సంఘంలో ఓటంటే రెండు మగ్గాల నడుమ జంపఖానా అడ్డం కట్టేది. దాని వెనుక రెండు కుండలు, ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి నల్ల దారం. మనిషికొక చింతగింజ. ఒకసారి గింజ పడ్డ చప్పుడును బట్టి ఏ కుండో బయటున్నోళ్లు పసిగట్టిండ్రు. ఆ తర్వాతి ఓటుకు మా పెద్దలు కుండల అడుగున నూలు చిక్కులు పరిచిండ్రు. వేలిముద్రల మనుషులు వాళ్లు! ఓటు చప్పుడు సుత ఇంకొకరి చెవిన పడొద్దనుకున్నరు.

మొన్న పొద్దున మా పక్కింటామె ఫొటో మగ్గమాయన పేరు కింద చూసిన. పెనిమిటి పోయినంక సేటు నూలు మీదనే ఇల్లు నడుపుతాంది. పగటీలికి ఆ ఫొటో సేటు పేరు కిందికి వచ్చింది. గోడ మీది నుంచి అడిగిన.

"ఏంది బిడ్డా, నీ ఓటుకు కాళ్లొచ్చినయా?"

"సేటు గుమాస్తా ఫోన్ చేసిండు కాకా. 'అక్కా, వేలు జారినట్టుంది, జర చూసుకో. రేపు నూలుకొస్తవు గద' అన్నడు."

నా ఒళ్లు మండింది. ఈ ఓటు రద్దు చేసి, సంఘం షెడ్డుల జంపఖానా అడ్డం కట్టి చీటీలు వేయిద్దామని గ్రూపులో రాసిన. ఒకడు నవ్వే బొమ్మలు పెట్టి, "తాతా, ఫోన్ల జంపఖానా యాడ కడుతవే?" అన్నడు. గ్రూపు నడిపేది సేటు అల్లుడే. "తాత మాట మీద కూడా ఓటు పెడదాం" అని ఇంకో పోల్ పెట్టిండు. అదీ పేర్లు కనబడేదే! చాటుగా ఓటు వేస్తమనేటోళ్లంతా ముందుగాల సేటు కండ్లల్ల పడాలన్నమాట.

పొద్దుగూకేదాకా 'కావాలి' కింద నా ముసలి మొహం ఒక్కటే.

"నీ మాటే నిజం కాకా. కానీ వెయ్యలేకపోయిన," అన్నది పక్కింటామె.

"వెయ్యకు బిడ్డా. నూలు తెచ్చుకో."

సేటు గెలిచిండు. ఆమెకు నూలొచ్చింది. సన్మానానికి వేదిక మీద పరిచేటందుకు నేను నేసిన పెద్ద జంపఖానా కావాలని మనిషిని పంపిండ్రు.

"ఓటుకు అడ్డం కడుతమంటే ఊరికెనే ఇస్త. మీ సేటు కాళ్ల కిందికైతే ఇయ్య. పోయి గ్రూపుల పెట్టుకో!" అన్న.