భూమి కింద గట్లుండవన్న మా అత్త లింగవ్వ

మా అత్త లింగవ్వ ఇక లేదు. రోహిణి ఎండలు నిప్పులు చెరుగుతున్న మధ్యాహ్నం, నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని దవాఖానాలో ఆమె ఊపిరి ఆగిపోయిందని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను బర్రెకు కుడితి పెడుతున్నాను. చేతిలోని బకెట్ ఎక్కడ దించానో తెలియదు. ముందురోజు చూడబోయినప్పుడు ఆమె అడిగిన మాటే చెవుల్లో గింగురుమన్నది.

"పిల్లా, బాయిల నీళ్లు యాడికున్నయి?"

"నల్లబండకు తాకుతున్నయి అత్తా." బావి లోపలి ఆ బండే మాకు నీళ్ల కొలత.

"అయితే మిరుగం వానల దాక అవి ఆగుతయి. మీరు ఆగుండ్రి."

ఆగుమన్నది ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. బావి పక్కన బోరు వేయిద్దామని ఆమె కొడుకు, మా ఆయన నర్సయ్య, ఎండాకాలం మొదలైన నాటినుంచీ అంటున్నాడు. ఆమె బతికి ఉండగా బోరు లారీ మా పొలంలోకి వచ్చే ధైర్యం చేయలేదు. ఆమెను కాష్ఠానికి మోస్తున్నప్పుడు కూడా, దేవుడు క్షమించుగాక, నా మనసు ఆ బావి చుట్టే తిరిగింది.

బోధన్ పక్కన మా ఊరికి ఆమె కోడలిగా వచ్చిన కాలంలో ఎటు చూసినా చెరుకే. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు పోయి వరి వచ్చింది, వరి వెంట బోర్లు వచ్చాయి. ఆమె మాత్రం మారలేదు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. వాన మొదలైతే అందరం ఇంట్లోకి ఉరికేవాళ్లం, ఆమె గోనెసంచిని కొప్పెరగా కప్పుకొని పొలానికి ఉరికేది. ఏ నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలని. జ్వరమొస్తుందని నేను గులిగితే నవ్వేది.

"వాన అల్లుడసొంటిది పిల్లా. గడపల నిలబడ్డోన్ని నిలబడ్డట్టే పంపిస్తే మళ్లొస్తడా? సాప పరిచి కూసోబెట్టాలె."

ఆ చాప ఏమిటో పొలంలో చూపించేది. చెరుకు ఆకునుగానీ వరి కొయ్యకాళ్లనుగానీ ఏనాడూ కాల్చనివ్వలేదు. పక్క పొలాల్లో పొగ లేచిందంటే గట్టు మీద నిలబడి అరిచేది. "నేల కప్పుకున్న దుప్పటి గుంజుకొని కాలవెడ్తున్నరు. పడ్డ వాన యాడ దాసుకుంటదిరా?"

మా బావి ఇద్దరన్నదమ్ములది. మా మామది, ఆయన తమ్ముడు సాయిలు చిన్నమామది. నీళ్లకు వంతులుండేవి. మిరుగం కార్తె రాకముందే రెండిళ్ల వాళ్లూ తట్టా పారా పట్టుకొని బావిలోకి దిగి పూడిక తీయాలి. దిగని ఇంటికి ఆ ఏడు మొదటి వంతు లేదు. పని అయినాక రెండిళ్లలో పెద్దామె ఒక చెంబు నీళ్లు బావిలో పోయాలి. "ఏడాదంత గుంజుకుంటిమి. గింతన్న ఇయ్యొద్దా?" అనేది అత్త, పోస్తూ.

మా మామ పోయాక చిన్నమామకు బోరు మీద మనసు పడింది. చేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్ల జాడ చెప్పే ఒకాయనను పిలిపించాడు. బావికి పది అడుగులు కూడా లేని చోట టెంకాయ నిటారుగా లేచింది.

"సూస్తివా వదినె, ఎట్ల లేసిందో!"

"బాయి పక్కన లేవకుంటే పండుకుంటదారా సాయిలు? మా ఇంట్ల బిందె పక్కకు పట్కరా, ఆడ గూడ లేస్తది."

చూడవచ్చినవాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వే చిన్నమామకు పట్టుదల పెంచింది. తెల్లారేసరికి లారీ వచ్చి నిలబడింది. అత్త పోయి, సున్నంతో గుర్తు పెట్టిన చోటనే కూర్చుంది.

"నా పొలంల నేనేసుకుంటున్న. గట్టు గీవలకు నీకేం పని?"

"పైన గట్లు మనం పెట్టుకున్నం. కింద నీళ్లకు గట్లున్నయారా? నువ్వు గుంజేటియి నావి గూడ. రేపు నీ మనుమలయి గూడ."

"లేస్తవా లేవవా వదినె? లారీ మీదికెల్లి పోనియ్యమంటవా?"

"పోనీయి. నేన్గూడ సూస్త."

ఇంజను మోగుతూనే ఉంది. చిన్నమామ కళ్లు ఎర్రబడ్డాయి, చేయి ఎత్తుతాడేమో అనిపించింది. అప్పుడు మా ఆయనే వచ్చి, కొట్లాట అవుతుందన్న భయంతో, తల్లిని రెండు జబ్బలు పట్టి లేపాడు. ఆమె తనను లేపిన చేతుల వైపు చూసింది.

బోరులోంచి మొదట తెల్లని దుమ్ము లేచింది, తర్వాత నీళ్లు ఎగజిమ్మాయి. పిల్లలు తడిసి కేరింతలు కొట్టారు. అందరూ ఆకాశంకేసి చూస్తుంటే అత్త బావిలోకి తొంగి చూసింది. కొద్ది రోజులకే నల్లబండ బయటపడింది, ఆ వెంటనే అడుగు బయటపడింది. మా వరి నిలువునా ఎండింది. మరుసటి ఎండాకాలం ఆ బోరు కూడా దగ్గి దగ్గి ఆగిపోయింది.

అత్త ఇప్పుడు నాలుగు దులిపేస్తుందని నేను ఎదురుచూశాను. ఆమె ఊర్లోంచి నీళ్లు మోయించి చిన్నమామ కొట్టంలో తొట్టి నింపించింది. ఎందుకత్తా అంటే, "బోరేసింది బర్లు కాదు గదా" అన్నది. చిన్నమామ ఆ సిగ్గుతోనే మాతో మాట్లాడటం మానేశాడు, పూడికకు రావడమూ మానేశాడు.

అత్త మా పొలంలో యాసంగి పంటకు వరి బంద్ చేసి, తక్కువ నీళ్లతో పండే మక్క వేయించింది. పొలం వాలున గుంత తవ్వించి, రాళ్లూ కంకరా ఇసుకా నింపి, వాన నీళ్లన్నీ అందులో ఇంకి బావి వైపు సాగేటట్టు కాలువ మలిపింది. లింగవ్వ మబ్బులకు తొట్టి కడుతున్నదని ఊరంతా ఎగతాళి చేశారు. ఏళ్లు పట్టింది. నల్లబండ మళ్లీ మునిగిన రోజు బెల్లం పరమాన్నం వండించి, చిన్నమామ ఇంటికి కూడా గిన్నె పంపింది. కడిగిన గిన్నె తిరిగి వచ్చింది, మాట రాలేదు.

ఇక మొన్నటి సంగతి. దినాలు అయిన మరునాడే బోరు లారీ మా పొలం దారి పట్టింది. మా ఆయన మళ్లీ ఆశపడి వేసిన చెరుకు తోట పసుపుపచ్చబడుతున్నది, ఆయన బాధ నాకు తెలియనిది కాదు.

"అత్త ఆగుమన్నది" అన్నాను.

"ఆగితే వాన వస్తదని రాసిచ్చి పోయిందా? తోట ఎండినంక ఆగుడెందుకు?"

లారీ వెనక్కి జరుగుతూ బావి దాకా వచ్చింది. అప్పుడే గట్టు మీద నుంచి చిన్నమామ రావడం కనిపించింది. ముసలివాడయ్యాడు, నడక తూలుతున్నది. నెత్తి మీద తట్ట, భుజాన పార. ఎవరినీ పలకరించకుండా వచ్చి, అవి పక్కన పెట్టి, ఒకనాడు అత్త కూర్చున్న చోటనే, ఎండిన తన పాత బోరు పక్కన, లారీకి అడ్డంగా కూలబడ్డాడు.

"కాకా, లే. ఎండ తాకుతది."

"మీ అవ్వను గిక్కడికెల్లే లేపినవు గదరా. నన్ను గూడ లేపు."

మా ఆయన వంగాడు. చేతులు చాపాడు. ఆ చేతులు అక్కడే గాలిలో ఆగిపోయాయి. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకొని నిలబడ్డాను. మా ఆయన నడుం ఎత్తి లారీ వైపు నడిచాడు. ఏమన్నాడో వినబడలేదు. లారీ మెల్లగా రోడ్డెక్కింది.

ఉన్న నీళ్లు తోటకు పారించి, ఆ రోజే ముగ్గురం బావిలోకి దిగాం. తట్టలకు తట్టలు పూడిక తోడాం. తోటలో సగానికే నీళ్లు అందాయి, మిగతా సగం ఎండిపోయింది. మా ఆయన అటువైపు పోవడం లేదు. ఇది రాసేనాటికి మబ్బులు వచ్చి పోతున్నాయే గానీ చినుకు పడలేదు.

కోపంగా అరిచి ప్రేమగా కాపాడే అటువంటి మనిషి మా ఇంటికి మళ్లీ దొరకదు. వాన పడితే పొలానికి ఉరికే ఆ పొట్టి కాళ్లు ఇక లేవు. ఆ పుణ్యాత్మురాలి పాదాలకు మొక్కడం తప్ప నాకు చేతనైనది లేదు.

ఆ రోజు బావిలోంచి పైకి వచ్చి, ఊట ఊరేటందుకు చీకటిపడేదాకా ఆగినాక, చిన్నమామ చెంబు కడిగి, బిందె నీళ్లు నింపి, నా చేతిలో పెట్టాడు.

"ఇగ ఇంటికి పెద్దదానివి నువ్వే గద బిడ్డా. నీళ్లు పొయ్యి."

చెంబు బావిలోకి వంచాను. లోపలి చప్పుడు కోసం ముగ్గురం వంగి చెవులు పెట్టాం. ఎండిన మట్టి మీద పడిన చప్పుడు కాదది. నీళ్ల మీద నీళ్లు పడిన చప్పుడు.