మేనేజర్ గారి వెల్ష్ బెంగ

మా మేనేజర్ గారి ముత్తవ్వ బ్రిటన్‌లోని వేల్స్ నుంచి వచ్చిందట. ఆయన మాత్రం టెక్సస్ దాటిందే తక్కువ, వేల్స్ గడప తొక్కింది లేదు. అయినా ఆ దేశం మీద ఆయనకు బెంగ దండిగా ఉంది. ఒక సోమవారం మీటింగ్‌లో ఆ బెంగకు వెల్ష్ భాషలో ఉన్న మాటను బోర్డు మీద రాశారు: హిరైథ్.

పాఠం అరగంట సాగింది. 'హిర్' అంటే పొడుగు. మిగతా ముక్క దుఃఖమని కొందరు, ఉత్త ప్రత్యయమని కొందరు అంటారట. వెల్ష్‌వాళ్లు "బెంగపడ్డాను" అనరట, "నా మీద బెంగ ఉంది" అంటారట. 'ర' దగ్గర నాలుక ఆడించాలి, చివర 'థ'ని గాలిలా వదిలెయ్యాలి. "ఇలాంటి మాట ప్రపంచంలో ఇంకే భాషలోనూ లేదు" అని ముగించారు.

బెంగ అనే రెండక్షరాలు నా నాలుక చివరిదాకా వచ్చాయి. పక్కనున్న వరంగల్ మిత్రుడు నా మోచెయ్యి గిల్లాడు.

"నీ లీవ్ ఇంకా అప్రూవ్ కాలే. అయ్యేదాంక ఆయన ఏం జెప్పినా వావ్ అను, గంతే" అని గొణిగాడు.

నిజమే. చెల్లెలి పెళ్లికి మూడు వారాలు అడిగాను. ఉన్నది ఒక్కగానొక్క చెల్లెలు. అందుకని వావ్ అన్నాను. అంతటితో ఊరుకుంటే పోయేది. ఒళ్లు మరచి 'ర'ని బ్రహ్మాండంగా పలికించాను. తెలుగు నాలుకకు అదేం పెద్ద పని? మిగతావాళ్లు ముక్కుతూ మూలుగుతూ ఉంటే నేను ఒక్కసారికే అనేసరికి ఆయన కళ్లు చెమర్చాయి.

శుక్రవారం మెయిల్ వచ్చింది. లీవ్ రిజెక్ట్. వచ్చే నెల, సరిగ్గా పెళ్లి రోజునే, ఆఫీసులో కల్చర్ డే ఉందట, ఆ మాటను అందరికీ నేర్పడానికి నాకంటే తగినవాళ్లు లేరట. రెండుసార్లు బతిమాలాను. పెళ్లి వీడియోలో చూడొచ్చు కదా అన్నారు. కాకా పట్టబోయి నా కాళ్లకు నేనే బంధం వేసుకున్నాను.

కల్చర్ డే నాడు పొద్దున పదింటికి, అక్కడ ఇండియాలో రాత్రి ముహూర్తానికి చెల్లెలి తల మీద జీలకర్ర బెల్లం పెడుతున్న వేళ, ఇక్కడ నేను నలభై మంది చేత హిరైథ్ అనిపిస్తున్నాను. చివరిసారి అన్నప్పుడు నా గొంతు వణికింది. చప్పట్లు కొట్టారు.

"ఎంత ఫీల్‌తో చెప్పావు! ఇదెప్పుడు నేర్చుకున్నావు?" అన్నారు మేనేజర్ గారు మురిసిపోతూ.

"మీరు నా లీవ్ రిజెక్ట్ చేసిన రోజు" అన్నాను. "మా భాషలో దాన్ని బెంగ అంటారు. ఇప్పుడు అక్కడ నా చెల్లెలి పెళ్లి జరుగుతోంది."